దొరసాని వీపుకి దారం

జూన్ 3, మంగళవారం

రాయకపోతే ముద్ద దిగేలా లేదు.

ఫలక్‌నుమా అవతల ఏదో ఫంక్షన్ హాల్లో ఇగువానా అనే పెద్ద విదేశీ బల్లిని కుర్చీకి కట్టేసి, పెళ్ళికొచ్చినవాళ్ళ భుజాల మీద పెట్టి ఫోటోలు తీయిస్తున్నారట. శ్రీహిత వాళ్ళ జంతు సంస్థ మనుషులు పోలీసుల్ని వెంటబెట్టుకుని వెళ్ళి విడిపించారు. సాయంత్రం అట్టపెట్టెలో తెచ్చి నా ముందు పెట్టింది. "అక్కా, జర గట్టిగ ఉండు" అంది ముందే. గట్టిగా ఉండడం నాకు కొత్తా అనుకుంటూ మూత తీశాను.

ఒళ్ళంతా బంగారు రంగు కొట్టారు. నోటి చుట్టూ ప్లాస్టిక్ టేపు. గోళ్ళు మొదలంటా కత్తిరించేశారు, నెత్తురు ఎండి నల్లగా అతుక్కుపోయింది. టేపు ఊడదీస్తుంటే పెదవి మీది తోలు కూడా దాంతోపాటే వచ్చింది. అయినా అది అరవలేదు. దానికి అరిచే గొంతు లేదు, అదే దాని ఖర్మ. గొంతే ఉంటే ఆ పెళ్ళి ఆగిపోయి ఉండేది.

ఏళ్ళుగా ఈ కొట్టంలో గాయపడ్డ జీవాలకి వైద్యం చేస్తున్నాను. అయినా ప్రతిసారీ మొదటిసారి చూసినట్టే ఉంటుంది. చేసినవాళ్ళ చేతులు పడిపోను!

అత్తమ్మ కొట్టం గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఊసరవెల్లిని ఇంట్ల వెట్టుకుంటె అరిష్టం బిడ్డా."

"ఇది ఊసరవెల్లి కాదత్తమ్మా."

"ఏదైతేంది, తోకున్నది గద."

మామయ్య ఉన్నప్పుడు ఈ కొట్టం నిండా బర్రెలే. ఇప్పుడు పాములు, తాబేళ్ళు, కొత్తగా ఈ బంగారు పెళ్ళికొడుకు. గౌలిపురలో మాది ఇంకా పాలోళ్ళ ఇల్లే. వెనకాల మాత్రం నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ.

డయాలసిస్ నుంచి వచ్చి పడుకున్న మా ఆయన అక్షయ్ ఈ లొల్లి విని గోడ పట్టుకుంటూ వచ్చాడు. ఇగువానా వైపు కాసేపు చూసి "నాకన్న దీనికే ఎక్కువ పట్టీలేసిన్రు గదనే" అన్నాడు. అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది. ఆ విద్య ఒక్క అక్షయ్‌కే వచ్చు.

జూన్ 5, గురువారం

పెళ్ళికొడుకు ఏమీ తినలేదు. మందార పువ్వు ముక్కు దగ్గర పెట్టినా కళ్ళు తెరవలేదు.

ఇవాళ ఎందుకో దొరసాని గుర్తొచ్చింది. ఈ కొట్టంలోకి వచ్చిన నక్షత్ర తాబేళ్ళన్నిటిలో అంత పొగరున్నది ఇంకోటి లేదు. తోటకూర పెడితే తొక్కి వెళ్ళిపోయేది, మందార పువ్వు పెడితేనే ఆగేది. అందుకే దొరసాని. శాలిబండలో ఒక సేటు దుకాణంలో అదృష్టమని పెట్టుకున్నారు దాన్ని. డిప్ప అంచున బొక్క పొడిచి, మువ్వ కట్టి. బొక్క చుట్టూ చీము పట్టింది. ఎముకరా అది, ప్రాణమున్న ఎముక అని ఎంతమందికి చెప్పినా అందరిదీ ఒకటే మాట: "గోరు లెక్కనే గద." నీ గోటికి బొక్క పెడతాను రా!

చలికాలమంతా పట్టింది పుండు మానడానికి. మానాక నా ఆకుపచ్చ నెట్ చున్నీ ముక్క కత్తిరించి బొక్క మీద పరిచి, పళ్ళ డాక్టర్లు వాడే సిమెంటుతో పూడ్చాను. ఆ చున్నీ పెళ్ళయిన కొత్తలో అక్షయ్ కొన్నది. "నా చున్నీ దాని వీపెక్కిందా" అని ఎంత ఏడిపించాడో. ఉగాది తర్వాత డయాలసిస్‌కి పోతూ తనే శాలిబండ దగ్గర సంస్థ వ్యాన్‌లో ఇచ్చొచ్చాడు. బాగైనవాటినన్నిటినీ తనే ఇచ్చొస్తాడు. నాకు ఆ ఒక్క తిరుగుడు తప్పించాలని.

ఈపాటికి అటవీశాఖవాళ్ళు వదిలేసే ఉంటారు. ఏ పొదలో గడ్డి మేస్తోందో మా దొరసాని.

జూన్ 9, సోమవారం

ఇవాళ జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను.

పొద్దున అద్నాన్ ఫోన్ చేశాడు. శాలిబండలో అతని పశువుల క్లినిక్ లేకపోతే నా కొట్టం ఎప్పుడో మూతపడేది. "బాజీ, ఒక కచ్వా వచ్చింది. నువ్వొచ్చి చూడు" అన్నాడు. 

బల్ల మీద తాబేలు. డిప్పంతా పసుపు, కుంకుమ, అక్కడక్కడా అత్తరు జిడ్డు. ఎన్ని రకాల దేవుళ్ళని పూశారో. కళ్ళు వాచి మూసుకుపోయాయి. పాలు, రొట్టె పెడుతున్నారట, ఆయుష్షు పెరగాలని. గడ్డి తినే జీవానికి పాలు! డిప్ప వెనక అంచున కొత్తగా బొక్క, అందులో ఎర్రదారం. బొక్క చుట్టూ ఎముక చిట్లింది. దాని కాళ్ళు చల్లబడిపోయాయి.

"తెచ్చిన ముసలామె ఏడుస్తనే ఉన్నది బాజీ. వాపస్ ఇయ్య అని చెప్పిన. ఇంటాయనకు గుర్దే ఖరాబంట, కిడ్నీలు. ఆయన మంచం కోడుకు కట్టేసుంటరంట దీన్ని."

గోరువెచ్చని నీళ్ళతో పసుపు కడుగుతున్నాను. ముందువైపు అంచు దగ్గర రంగు కరిగింది. కింద ఆకుపచ్చ నెట్.

నేను తడిమి చూశాను. మళ్ళీ చూశాను. నా చున్నీయే. నేను పెట్టిన సిమెంటే. కొత్త బొక్క పొడవడానికి ఆ చోటు గట్టిగా ఉందని రెండోవైపు ఎంచుకున్నట్టున్నారు.

"దొరసానీ" అన్నాను. అది తల బయటికి పెట్టలేదు.

అద్నాన్ మంచినీళ్ళిస్తే తాగడం కూడా చాతకాలేదు. 

ఇంటికి తెచ్చాను. అక్షయ్ నిద్రపోతున్నాడు. లేపలేదు.

జూన్ 10, మంగళవారం

ఇది వ్యాన్ డ్రైవర్ పనే. ఇంకెవరిది? అడవికి పోవాల్సినదాన్ని దారిలో అమ్ముకున్నాడు.

శ్రీహితకి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం, అంతా విని నెమ్మదిగా అంది: "అక్కా, ఉగాది తర్వాత మీ దగ్గర్నుంచి ఒక్క తాబేలు గూడ రాలే మాకు. ఇంకా మానలేదేమో అనుకున్న."

వాళ్ళ దగ్గర పని చేసేవాళ్ళకి ఏది వచ్చిందో ఏది పోయిందో తెలీదు. చిన్నపిల్ల. మర్చిపోయి ఉంటుంది.

జూన్ 11, బుధవారం

అక్షయ్‌ని అడగలేదు. ఎందుకడగాలి? అడగాల్సింది తీసుకున్నవాళ్ళని.

జూన్ 13, శుక్రవారం

అద్నాన్ దగ్గర గుర్తులు కనుక్కుని ఫలక్‌నుమా వెళ్ళాను, రైలు స్టేషన్ వెనక గల్లీ. ఉతికి ఆరేయాలనే వెళ్ళాను. కేసు పెడతానని, జైలుకి పంపిస్తానని దారి పొడవునా మాటలు కూర్చుకున్నాను.

ఖైసర్ బేగం తలుపు తీసింది. "రా బిడ్డా, కూసో. కచ్వా కోసం వచ్చినవా? బతికిందా అది?" అని రెండు చేతులూ పట్టుకుంది. కూర్చోబెట్టి చాయ్ పెట్టింది. వద్దన్నా వినలేదు.

మంచం మీద ఆమె భర్త అజ్మత్ అలీ. కాళ్ళు వాచి మెరుస్తున్నాయి. ఆ మెరుపు నాకు తెలుసు, మా ఇంట్లోనూ ఉంది. మంచం కోడుకి ఎర్రదారం ముక్క ఇంకా వేలాడుతోంది.

"దాని వీపుకి బొక్క ఎవరు పెట్టిన్రు?" అన్నాను.

"మేమే బిడ్డా. బయటికి పోతుండె. గోరు లెక్కనే, నొప్పి లేదన్నరు." నా ముఖం చూసి ఆమె నోరు చేత్తో మూసుకుంది. "ఉంటదా నొప్పి? యా అల్లా!"

అజ్మత్ అలీ నెమ్మదిగా మాట్లాడాడు. "మంచం కింద గీకుతుండె బిడ్డా, గర్ గర్ అని. ఆ సప్పుడు ఇంటుంటె నాకు ధైర్యం. అది ఉన్నదంటె నేను గూడ ఉన్న."

"ఎవరమ్మిన్రు మీకు?"

"అమ్ముడు గాదు, తోబా!" అంది ఖైసర్ బేగం. "ఈయన పక్క బెడ్డుల డయాలసిస్ చేయించుకుంటడు, అక్షయ్ భాయ్. ఫరిష్తా అసుంటి మనిషి. ఒక్క పైస ముట్టకుంట తెచ్చిచ్చిండు. ఆయన బీవీ జానవర్లకు ఇలాజ్ చేస్తదంట. ఆమె చేతుల మీద చచ్చి బతికింది ఈ కచ్వా. గసుంటిది మంచం కింద ఉంటె మౌత్ గడప దాటదంటరు, చావు లోపలికి రాదంటరు."

చాయ్ గ్లాసు చేతిలో అలాగే ఉంది. వేలు కాలుతున్నా కింద పెట్టాలని తోచలేదు.

"నీ పేరేంది బిడ్డా?"

"శ్రీహిత" అన్నాను.

ఆటో ఎక్కాను, దిగాను, నడిచాను. ఎలా ఇల్లు చేరానో తెలీదు.

జూన్ 14, శనివారం

డయాలసిస్ నుంచి వచ్చేదాకా ఆగాను. వచ్చాక అన్నం తినేదాకా ఆగాను. తర్వాత ఆగలేకపోయాను.

"దొరసాని ఎక్కడున్నది అక్షయ్?"

కళ్ళు మూసుకున్నాడు. "అజ్మత్ అలీ భాయ్ ఇంట్ల." అబద్ధమైనా ఆడలేదు. ఆడి ఉంటే బాగుండేది, నాకు కొట్లాడడానికి ఏదైనా దొరికేది.

"ఎందుకిచ్చినవ్?"

"ఆయన ఇగ డయాలసిస్ వద్దంటుండె. సూది చూడంగనే ఏడ్సుడు. ఓనాడు మాటల్ల నీ ముచ్చట చెప్పిన. డిప్ప కుళ్ళి చచ్చేదాన్ని మా ఆమె బతికించింది అని. గంతే. నా చెయ్యి పట్టుకున్నడు. 'అది నాకు తెచ్చియ్యి భాయ్' అన్నడు. ఏమనాలె చెప్పు?"

"లేదనాలె!"

"నువ్వంటవు. నువ్వు ఆ బెడ్డు మీద పండలే గద."

ఈ ఒక్క మాటతో నా నోరు మూయించొచ్చని అతనికి తెలుసు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ వాడలేదు. ఇవాళ వాడాడు.

"తక్కినవి గూడనా?"

"ఆ వార్డుల ఒకరికి తెలిస్తె అందరికి తెలిసినట్టే. అడిగినోళ్ళకు లేదనలేకపోయిన."

"నువ్వు నమ్ముతవా ఇవన్ని?"

"నేనైతె నమ్మ. వాళ్ళు నమ్ముతరు. నమ్మినోడు ఇంకోనాడు వచ్చి బెడ్డెక్కుతడు."

"దాని వీపుకి మళ్ళ బొక్క పొడిచిన్రు అక్షయ్. పాలు పోసిన్రు. కండ్లు వాచిపోయినయ్. కొట్టంల ఉన్నది, పోయి చూడు!"

అతని ముఖం తెల్లబడింది. "బొక్కనా? నేను ఒట్టిగ ఉంచుకోమన్న గద" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చూడ్డానికి వెళ్ళలేదు.

నేను బతికించాను కాబట్టి దాని మీద ఆశ పుట్టింది. నేను చేసిన వైద్యమే దాని మెడకి చుట్టుకుంది. దీన్ని ఎటు తిప్పి ఆలోచించినా తల పగిలిపోతోంది. పరాయివాడు చేస్తే తిడతాను. అక్షయ్ చేస్తే ఎవరిని తిట్టాలి? ఒళ్ళు మండిపోతోంది, ఏడుపొస్తోంది, రెండూ ఒకేసారి.

జూన్ 16, సోమవారం

అక్షయ్ దగ్గర మిగతా ఇళ్ళ గుర్తులు తీసుకుని శ్రీహితకి ఇచ్చాను. "ఎవరు పంచిన్రు అక్కా?" అంది. ఎవరో ఆటోవాడు అన్నాను.

అన్ని తాబేళ్ళనీ వెనక్కి తెచ్చారు. ఒకటి తప్ప. అది చచ్చిపోతే మూసీలో వేశారట.

జూన్ 21, శనివారం

దొరసాని కళ్ళు తెరిచింది!

రోజూ గోరువెచ్చని నీళ్ళలో కూర్చోబెడుతున్నాను. ఎండ తగిలే చోట పెడుతున్నాను. ఇవాళ నావైపు చూసి, మందార పువ్వు చూసి, తోటకూర తొక్కేసి నడిచింది. పొగరు పోలేదు.

పెళ్ళికొడుకు కూడా ఒక ఆకు తిన్నాడు. రంగు ఇంకా వదల్లేదు. మెడ దగ్గర బంగారం మెరుస్తూనే ఉంది.

అక్షయ్‌తో కావాల్సినంతవరకే మాట్లాడుతున్నాను. మాత్ర, నీళ్ళు, అన్నం. అత్తమ్మ మా ఇద్దరి మధ్యా తిరుగుతూ "ఏమైంది మీ ఇద్దరికి, ఇల్లు ఇల్లు లెక్కనే లేదు" అంటోంది.

జూలై 1, మంగళవారం

అక్షయ్ వచ్చి చెప్పులు విప్పుతూ అన్నాడు: "పక్క బెడ్డుకు కొత్తాయన వచ్చిండు."

అజ్మత్ అలీ పడుకునే బెడ్డు.  ఆ సాయంత్రం అన్నం ఎవరూ సరిగ్గా తినలేదు.

జూలై 2, బుధవారం

తాబేలుకీ మనిషి కిడ్నీకీ ఏం సంబంధం? ఏమీ లేదు. ఆయన గుండె ఆగి పోయాడు. అద్నాన్ కనుక్కుని చెప్పాడు. దొరసాని అక్కడ ఉన్నా పోయేవాడే.

ఏమీ లేదు సంబంధం.

ఖైసర్ బేగం దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళి ఏ పేరు చెప్పాలి?

జూలై 3, గురువారం

ఏమీ లేదు.

జూలై 8, మంగళవారం

డయాలసిస్ మధ్యలో అక్షయ్ స్పృహ తప్పాడు. ఆస్పత్రిలో ఉంచుకున్నారు. అత్తమ్మని ఇంటికి పంపించాను. ఆమె వెళ్ళనంటే గట్టిగా అరిచాను. ఎందుకరిచానో.

జూలై 10, గురువారం

డాక్టర్ నన్నొక్కదాన్నే లోపలికి పిలిచాడు.

జూలై 12, శనివారం

ఇంటికి తెచ్చుకున్నాం. ఆటోలో నా భుజం మీద తల పెట్టి "ఏమన్నడే డాక్టరు?" అన్నాడు. "అంతా మంచిగున్నదన్నడు. ఉప్పు తగ్గించమన్నడు" అన్నాను. "ఇంకెంత తగ్గిస్తం, కండ్లల్ల నీళ్ళ ఉప్పు గూడ తగ్గియ్యాల్నా" అన్నాడు. నవ్వాను.

అలక ఎప్పుడు పోయిందో గుర్తులేదు. ఆస్పత్రిలో ఎక్కడో పోయింది.

పెళ్ళికొడుకుకి గోళ్ళు మొలుస్తున్నాయి. చిన్నగా, బియ్యపు గింజ అంత. చాలా సంతోషించాల్సిన సంగతి. సంతోషంగానే ఉంది.

జూలై 14, సోమవారం

అద్నాన్ కొట్టానికి వచ్చి దొరసానిని చూశాడు. "మస్తుగున్నది బాజీ. బొక్క మూసెయ్యి, వ్యాన్ పిలువు" అన్నాడు.

లోపల ఇంకా కొంచెం పచ్చిగా ఉన్నట్టనిపించింది నాకు. చెప్పాను. అద్నాన్ వేలితో తడిమి నావైపు చూశాడు. "సరే బాజీ, నీ ఇష్టం" అన్నాడు.

డాక్టర్లంతా ఇంతే. వాళ్ళకి అన్నీ తెలుసనుకుంటారు.

జూలై 15, మంగళవారం

శ్రీహిత ఫోన్. వ్యాన్ పంపనా అంది. ఇప్పుడొద్దు, వానలు, దారిలో దానికి చలి పట్టుకుంటుంది అన్నాను.

నిజంగానే వాన. కొట్టం కప్పు కారుతోంది. దొరసానిని వంటింట్లోకి మార్చాను.

జూలై 16, బుధవారం

వంటింట్లో అత్తమ్మ పాలు పోస్తుందని భయం. ఎన్నిసార్లు చెప్పినా వినదు. మా గదిలోకి మార్చాను. మంచం కింద పాత దుప్పటి పరిచాను. అక్కడైతే గాలి తగలదు. వెచ్చగా ఉంటుంది.

అక్షయ్‌కి చెప్పలేదు. పడుకుని ఉన్నాడు. చిన్న విషయానికి లేపడం ఎందుకు.

జూలై 17, గురువారం

అది గుమ్మం దాటి వరండాలోకి వెళ్ళిపోయింది. కుక్క ఎత్తుకుపోతే? నా ప్రాణం పోయినంత పనైంది.

జూలై 18, శుక్రవారం

పోకుండా చిన్న దారం కట్టాను. కాలికి కడితే ఒరుసుకుంటుంది. బొక్క ఎలాగూ ఉంది. నేను కొత్తగా పొడిచింది కాదు. మెత్తటి నూలు దారం, వదులుగా కట్టాను. రెండో కొస మంచం కోడుకి. ఇంకెక్కడ కడతాను?

పుండు మానేదాకే.

జూలై 20, ఆదివారం

బోనాలు. పొద్దుట్నుంచి గల్లీ అంతా డప్పులు, పసుపు, వేపాకు. అత్తమ్మ మోకాళ్ళ నొప్పులతోనే బోనమెత్తి వెళ్ళొచ్చింది. అమ్మవారి బొట్టు కొడుకు నుదుట పెట్టాలని గదిలోకి వచ్చింది. అక్షయ్ నిద్రలో ఉన్నాడు. బొట్టు పెట్టి, వంగి అతని దుప్పటి సర్దబోయి ఆగిపోయింది.

మంచం కింద దొరసాని. దారం.

అత్తమ్మ నావైపు చూసింది. ఊసరవెల్లికీ ఇగువానాకీ తేడా తెలీదని నేను వెక్కిరించే అత్తమ్మ. పాలు పోస్తే చెయ్యి పట్టుకుని ఆపే అత్తమ్మ. నన్ను ఒక్క మాట అనాలి కదా! "మాకు చెప్పినవు గద, నువ్వేంది గిట్ల" అనాలి కదా! ఆమె ముఖంలో రక్తం లేదు.  గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి నల్లా తిప్పింది. ఆ నీళ్ళ చప్పుడు చాలాసేపు ఆగలేదు.

కాసేపటికి మందార పువ్వులు తెచ్చి, కడిగి, చిన్నచిన్నగా తుంచి మంచం కింద పెట్టింది. నేను చెప్పినట్టే. పాలు తేలేదు.

జూలై 22, మంగళవారం

అన్నీ ఇక్కడే రాసేస్తాను. ఇంక దాచేది ఎవరి దగ్గర?

పొద్దున డయాలసిస్‌కి తయారవుతున్నాడు. చొక్కా గుండీలు నేను పెట్టాను. చెప్పుల కోసం మంచం కిందికి కాలు చాపాడు. గర్ర్ మని గీకిన చప్పుడు. ఆగిపోయాడు.

"ఏందది?"

నేను గుండీ దగ్గరే చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. అతను మెల్లిగా వంగాడు. ఆయాసపడుతూనే చెయ్యి పెట్టి దారం పట్టుకుని లాగాడు. దొరసాని బయటికి వచ్చింది, నిద్ర చెడగొట్టినందుకు కోపంగా తల ఊపుతూ. ఒకవైపు అంచున నా ఆకుపచ్చ చున్నీ, ఇంకోవైపు బొక్కలో తెల్లదారం.

"అమ్మ చేసిందా?" అంటాడనుకున్నాను. అనలేదు. ముడి వైపు చూస్తున్నాడు. కట్లు కట్టీ కట్టీ నాకలవాటైన ముడి అది, లాగితే ఒక్కసారిగా ఊడొచ్చేది. అతని సూది చోట దూది మీద నేను ప్రతిసారీ కట్టే ముడి.

"నువ్వు కట్టినవ్" అన్నాడు.

"వాన పడుతుండె. కొట్టం కారుతుండె. అది బయటికి పోయింది అక్షయ్, కుక్క..."

"రచనా."

పేరు పెట్టి పిలిచాడు.  మంచం మీద కూర్చుని తాబేలుని ఒళ్ళో పెట్టుకున్నాడు. అతని ముఖం చూడలేకపోయాను, అయినా చూశాను. ఆ ముఖంలో భయం నెమ్మదిగా ఎక్కుతోంది. నా అబద్ధాన్ని కనిపెట్టలేకపోయినవాడు ఆ దారం చూసి తెలుసుకున్నాడు. అత్తమ్మ కట్టి ఉంటే నవ్వేవాడు. నేను కట్టాను. చెప్పకూడదని పళ్ళు బిగబట్టుకుని తిరిగినదాన్ని, నా చేత్తో నేనే కట్టి మంచం కింద పెట్టి చెప్పేశాను. ఇంతకన్నా పిచ్చిది ఉంటుందా?

"ఆనాడు డాక్టరు ఏమన్నడు?"

చెప్పాను. గుండె బాగా పాడైందన్నాడు, ఇంక డయాలసిస్‌ని ఎక్కువ రోజులు తట్టుకోదన్నాడు, కిడ్నీ మార్చే దశ దాటిపోయిందన్నాడు, ఇంట్లోవాళ్ళు సిద్ధంగా ఉండండి అన్నాడు. సిద్ధంగా! ఎలా ఉంటారో అడగాల్సింది. అడగలేదు.  గుమ్మంలో అత్తమ్మ నిలబడి ఉంది. ఆమెకిది కొత్త కాదు, బోనాలనాడు దారం చూసినప్పుడే తెలిసిపోయింది.

 దొరసాని అతని చొక్కా గుండీని ఆకనుకుని కొరకబోయింది. అతను బొక్క చుట్టూ వేలితో మెల్లిగా రాశాడు. దొరసాని కాళ్ళు లోపలికి ముడుచుకుంది.

"నొస్తదా దీనికి?"

"నొస్తది."

"అజ్మత్ భాయ్ ఇంట్ల గూడ నొచ్చిందన్నట్టు."

"ఊఁ."

తల వంచుకున్నాడు. మళ్ళీ ఎత్తేసరికి నేను ఎరిగిన అక్షయ్. కళ్ళలో నీళ్ళున్నాయి, పెదవి మాత్రం ఒక పక్కకి లాగింది, ఎప్పుడూ నన్ను ఏడిపించబోయే ముందు లాగినట్టే.

"గీ ముచ్చటకా దాని వీపుకి దారం కట్టినవ్? నాకు చెప్తె అయిపోతుండె గదనే."

నేను కింద కూర్చుండిపోయాను. ఆస్పత్రి నుంచి వచ్చాక ఒక్కసారి కూడా ఏడవలేదు. ఇవాళ అతని మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చాను. అత్తమ్మ వచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది. ఆ ఒళ్ళో దొరసాని, ఆ పక్కన నేను. అక్షయ్ ఇద్దరి మీదా చేతులు పెట్టి కూర్చున్నాడు.

"డయాలసిస్‌కు లేటయితున్నది. నడువ్, సిమెంటు కలుపు" అన్నాడు. "నేను పట్టుకుంట, నువ్వు పూడ్చు. పోతుంటె శాలిబండల ఇచ్చిపోత. ఈసారి నిజంగనే ఇస్త. నమ్మకపోతె నువ్వు గూడ రా."

దానికి ముందు కత్తెర తెమ్మన్నాడు. ఆ ముడికి కత్తెర అక్కర్లేదు, లాగితే ఊడొస్తుంది. కానీ ఊడిన దారాన్ని మళ్ళీ కట్టొచ్చు. నాకు తెలుసు, అతనికీ తెలుసు.

తెచ్చి ఇచ్చాను.